చివరి పేజీ చింపి ఇవ్వండి

20 అక్టోబర్ 2007, శనివారం, అలెగ్జాండ్రియా

రంజాన్ పండగ సెలవులు అయిపోయాయి. అందరి కడుపుల్లోనూ ఇంకా పండగ బిస్కట్లే ఉన్నాయి, బుర్రల్లో ఏమీ లేదు. నా బుర్రలోనూ లేదు.

ప్రోగ్రామింగ్, డిజైన్. రెండో సంవత్సరం. ఏటా చెప్పే మాటే చెప్పాను. పుస్తకం డాక్టర్ బహ్‌గత్ గారిది. పసుపు అట్ట. గేటు పక్కన జిరాక్స్ కొట్లో దొరుకుతుంది. చివరి పేజీ చింపి, పేరు రాసి నాకు ఇవ్వాలి. ఇవ్వనివాళ్ళకు ఇంటర్నల్ మార్కులు లేవు. సీనియర్ల దగ్గర పాత కాపీ తెచ్చుకుంటే కుదరదు, దానికి చివరి పేజీ ఉండదు కదా. పుస్తకం మొత్తంలో తప్పుల్లేని పేజీ అదొక్కటే, ఎందుకంటే అందులో పేరు రాయడానికి గీత తప్ప ఏమీ లేదు.

పాఠం ఆయనది. ల్యాబు, పేపర్లు దిద్దడం, చివరి పేజీలు పోగెయ్యడం నావి. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నాను. నా థీసిస్ ఆయన బల్ల సొరుగులో ఉంది. ఎప్పట్నుంచి అన్నది లెక్కపెట్టడం మానేశాను. నాకింకా డాక్టరేట్ రాలేదు కానీ పిల్లలందరూ డాక్టర్ అనే పిలుస్తారు. మొదట్లో సంతోషంగా ఉండేది. ఇప్పుడు వెక్కిరించినట్టుంటుంది.

క్లాసయ్యాక యాకూత్ ఒక్కడూ ఉండిపోయాడు. సముద్రపు ఒడ్డున అన్‌ఫూషీలో పడవలు కట్టేవాళ్ళ కుటుంబం. ఈ సబ్జెక్టు ఇప్పటికే రెండుసార్లు తప్పాడు, ఇదే ఆఖరి అవకాశం. ఈసారీ పోతే పేరు కొట్టేస్తారు. మా దేశంలో మగపిల్లలకు మిలిటరీ తప్పదు, డిగ్రీ ఉన్నవాడికి ఒక ఏడాది, లేనివాడికి మూడేళ్ళు. పసుపు పుస్తకం మొత్తం బట్టీ పట్టాను డాక్టర్, పరీక్షలో సగం దాకా వచ్చి మిగతాది మర్చిపోతున్నాను, అర్థమైతే మర్చిపోను కదా, వేరే ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి అన్నాడు.

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఈ మాట అడిగినవాడు వీడే. ఎల్లుండి చెప్తాను, పో అన్నాను. పోతూ చివరి పేజీ చింపి చేతిలో పెట్టాడు. పాపం, వాడికిది మూడో కాపీ.

22 అక్టోబర్, సోమవారం

మూడు పుస్తకాలు రాసిచ్చాను.

మొదటిది సన్నది. దాన్ని చదవకూడదు, చెయ్యాలి. ప్రతి చిన్న ప్రోగ్రామూ నీ చేత్తో కంప్యూటర్లో కొట్టు, తర్వాత ఒక ముక్క తీసేసి ఎక్కడ కూలుతుందో చూడు అన్నాను. రెండోది ఇంకొకరు రాసిన చెత్త ప్రోగ్రాముని చదివి బాగుచెయ్యడం నేర్పేది. ఇది నాకు పాతికేళ్ళప్పుడు దొరికింది. పదిహేడేళ్ళప్పుడు దొరికి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. పేర్లు ఎలా పెట్టాలి, ఒక పెద్ద పనిని చిన్న చిన్న పనులుగా ఎలా విడగొట్టాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. మూడోది డిజైన్ గురించి, లావుపాటిది. అది ఇప్పుడే తెరవొద్దని గట్టిగా చెప్పాను. ముందు నువ్వు ఒక పాడు ప్రోగ్రాం రాసి, నెల తర్వాత దాన్ని మార్చబోయి, నీ జుట్టు నువ్వే పీక్కోవాలి. దెబ్బ తగిలాకే ఆ పుస్తకం అర్థమవుతుంది. దెబ్బ తగలనివాడికి అది ఉత్త నీతిబోధ.

ఇంగ్లీషు కష్టమేమో అని నసిగాడు. పసుపు పుస్తకంలో ఉన్నదీ ఇంగ్లీషే అనుకుంటున్నావు కదా, దానికంటే తేలిక అన్నాను.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

3 నవంబర్, శనివారం

నబీ డానియల్ వీధికి వెళ్ళాను. పాత పుస్తకాల రజబ్ బాబాయి నన్ను చూడగానే, ఏమమ్మా ఇన్షిరాహ్, పెళ్ళి పుస్తకమేమైనా కావాలా, కంప్యూటరేనా అని మొదలెట్టాడు. కంప్యూటర్ పుస్తకాలు సముద్రం చేపల్లాంటివట. పొద్దున పట్టినవి సాయంత్రానికి కంపట. ఎందుకు కొంటావు తల్లీ అన్నాడు.

సగం నిజమే. మెషిన్ల గురించి రాసినవి కుళ్ళిపోతాయి. ఆలోచించడం గురించి రాసినవి ఎండుచేపల్లాంటివి బాబాయీ, ఎన్నేళ్ళయినా పనికొస్తాయి అన్నాను. ఎండుచేపలు తినేవాళ్ళు కూడా తక్కువే అని గుట్టలో చెయ్యి పెట్టాడు. ఎవరో విదేశీ ఇంజనీరు దేశం వదిలిపోతూ అమ్ముకున్న పెట్టెలోంచి రెండోది దొరికింది. నా దగ్గరున్న సన్నదీ, ఇదీ కలిపి యాకూత్‌కి ఇచ్చాను. ఆ లావుపాటిది రజబ్ బాబాయి దగ్గరే ఉంది, కానీ కొనలేదు. దానికి ఇంకా టైముంది, ఆ పిల్లవాడొచ్చి అడిగినా అప్పుడే ఇవ్వకు అని బాబాయికీ చెప్పాను.

17 నవంబర్, శనివారం

చీపురు తుఫాను వచ్చింది. మావాళ్ళు తుఫానులకు పేర్లు పెట్టి పంచాంగంలో రాసుకుంటారు, అవీ మాట తప్పకుండా వస్తాయి. వీధులన్నీ ఊడ్చేసింది. ట్రాములు ఆగిపోయాయి, క్లాసులో ఒక్క మనిషి లేడు.

యాకూత్ వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. పుస్తకం మాత్రం రొట్టెల ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. డాక్టర్, పసుపు పుస్తకంలో తప్పు పట్టాను అన్నాడు, ఊపిరి పీల్చుకోకుండా.

వారం రోజుల ఉష్ణోగ్రతలు డిగ్రీల్లో ఇస్తారు, అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో చెప్పాలి. ఏటా పరీక్షలో వచ్చే ప్రశ్న. బహ్‌గత్ గారి ప్రోగ్రాం ముందుగా ‘ఇప్పటిదాకా పెద్దది సున్నా’ అనుకుని మొదలవుతుంది. అంతకంటే పెద్దది వస్తే దాన్ని పట్టుకుంటుంది. మరి మంచు పడే ఊళ్ళో అన్ని అంకెలూ సున్నా కిందే ఉంటే? ఏదీ సున్నాని దాటదు. అసలు ఇచ్చిన అంకెల్లోనే లేని సున్నాని తెచ్చి ఇదే పెద్దది అంటుంది. పోటీలో లేనివాడికి కప్పిచ్చారు డాక్టర్ అని పడి పడి నవ్వాడు. మొదటి అంకెనే పెద్దదనుకుని మొదలుపెడితే సరిపోతుంది కదా అన్నాడు.

సరిపోతుంది. నాకు తెలుసు. కాలేజీలో అందరికీ తెలుసనే అనుకుంటాను. అలెగ్జాండ్రియాలో ఉష్ణోగ్రత ఎప్పుడూ సున్నా కిందికి పోదు, అందుకని ఎవరికీ పట్టలేదు. కానీ బట్టీ పట్టకుండా, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను కనిపెట్టిన పిల్లవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి. 

పరీక్షలో ఏది రాయమంటారు డాక్టర్ అని అడిగాడు.

సరైనది రాయి అన్నాను.

5 డిసెంబర్, బుధవారం

బహ్‌గత్ గారు పిలిపించారు. నేను యాకూత్‌కి రాసిచ్చిన పుస్తకాల పేర్లు క్లాసంతా పాకాయి. జిరాక్స్ కొట్టువాడు వ్యాపారం తెలిసినవాడు, ఆ కాగితం అద్దానికి అతికించి, రెండు పుస్తకాలూ కాపీలు తీసి అమ్ముతున్నాడు. పసుపు పుస్తకం అలాగే పడుంది.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. టీ తెప్పించాడు, చక్కెర తనే కలిపాడు. ఏం తల్లీ, నా తిండి నీకు అరగట్లేదా అన్నాడు. నేను ఈ పుస్తకం రాసినప్పుడు ఈ బిల్డింగులో ఒక్క కంప్యూటర్ లేదు, బొమ్మ చూపించి పాఠం చెప్పాను, నా ప్రోగ్రాములు కాగితం మీదే పుట్టాయి, కాగితం మీదే పెరిగాయి, నువ్వూ ఆ పుస్తకంతోనే పాసయ్యావు, మర్చిపోయావా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అదే బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

తర్వాత సొరుగు తీసి నా థీసిస్ బల్లమీద పెట్టాడు. మీద టీ గ్లాసు మచ్చలున్నాయి. దాన్ని ప్రేమగా తట్టి, చదువుతున్నానమ్మా, తొందరపడకు అని మళ్ళీ లోపల పెట్టి సొరుగు మూశాడు.

కుక్కిన పేనులా బయటికొచ్చాను. కొట్టుకు వెళ్ళి ఆ కాగితం తీసెయ్యమన్నాను.

20 డిసెంబర్, గురువారం

బక్రీదు రెండో రోజు. ఇంటినిండా మాంసం, చుట్టాలు. మా అమ్మాయి డాక్టరెప్పుడవుతుందో అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది, వాళ్ళు అడక్కపోయినా.

13 జనవరి 2008, ఆదివారం

పరీక్ష. కంప్యూటర్ సబ్జెక్టు, కలం కాగితం. బయట పెద్ద తుఫాను, కిటికీలు కొట్టుకుంటున్నాయి. డిగ్రీల ప్రశ్న వచ్చింది. పేపర్లో సగం మార్కులు దానికే.

వరసల మధ్య తిరుగుతూ యాకూత్ బెంచి దగ్గర ఆగాను. వాడు తలెత్తి నవ్వాడు. ఇవాళ మర్చిపోలేదు డాక్టర్ అని గొణిగాడు. ఇన్విజిలేటర్ గసిరాడు. నేను ముందుకు నడిచాను.

22 జనవరి, మంగళవారం

పరీక్ష పేపర్లు దిద్దే కంట్రోల్ గది. జవాబు పేపర్ల మీద పేర్లు కనిపించకుండా మూల మడిచి జిగురు పెడతారు, నంబరు మాత్రమే ఉంటుంది. న్యాయం కోసమట.

బహ్‌గత్ గారి మోడల్ ఆన్సర్ బల్లమీద ఉంది. లైను లైనుకీ మార్కులు. మొదటి లైను ‘పెద్దది = సున్నా’. అది లేకపోతే కింది లైన్లేవీ చూడక్కర్లేదు అని ఎర్రసిరాతో రాశాడు.

కట్టలు కట్టలుగా అందరూ సున్నాతోనే మొదలుపెట్టారు. కామా కూడా తేడా లేదు. ఒక్క పేపర్ వచ్చింది. పనిని మూడు చిన్న ఫంక్షన్లుగా విడగొట్టాడు. ప్రతిదానికీ పేరు చూస్తేనే పనేంటో తెలుస్తుంది. మొదటి అంకెతో మొదలుపెట్టాడు. జిగురు పెట్టిన మూలని విప్పాల్సిన అవసరమేముంది? పాఠం చెప్పినదానికి చేతిరాతతో పనేముంది?

పేపర్ పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఇది సరైన జవాబు సార్, మన పుస్తకంలోదే తప్పు అన్నాను. మొదటిసారి నోరు విప్పాను.  ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మొత్తం చదివాడు. ఆయనకు అర్థమైంది, ముఖంలో తెలిసిపోయింది. బాగుంది అన్నాడు కూడా. తర్వాత కళ్ళజోడు తీసి, అమ్మాయ్, అలెగ్జాండ్రియాలో ఎప్పుడైనా మంచు గడ్డకట్టిందా అని అడిగాడు. ఇది సరైనదైతే ఆ బయటున్న కట్టలన్నీ తప్పే కదా, వాళ్ళందరినీ తప్పించమంటావా, ఒక్కడి కోసమా అన్నాడు. ఇద్దరికీ మార్కులిద్దాం సార్ అన్నాను. రెండు సరైన జవాబులున్న ప్రశ్న పేపర్ పెట్టినవాణ్ణి ఏమంటారో తెలుసా అన్నాడు. అని, వెయ్యి తల్లీ, నువ్వే వెయ్యి, నా సంతకం నీ సంతకం కింద ఉంటుంది అన్నాడు.

సొరుగు వంక చూడలేదు ఆయన. నేనే చూశాను.

వేశాను. సున్నా. నా చేత్తో, నా కలంతో. నేను మార్కులు వేసి ఉంటే ఆయన కొట్టేసేవాడు. నిజమే. ఆయన చేతే కొట్టించి ఉండాల్సింది. ఆ మాత్రం కూడా చెయ్యలేకపోయాను.

23 జనవరి, బుధవారం

అన్నం సహించలేదు. ఒంట్లో బాగాలేదా అని అమ్మ నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదు. ఉంటే బాగుండేది.

9 ఫిబ్రవరి, శనివారం

రిజల్ట్స్. యాకూత్ తప్పాడు.

పాస్ మార్కుకు కాస్త దూరంలో ఆగిపోయినవాళ్ళకు కనికరం మార్కులని కొన్ని కలుపుతారు. అవి కలిపినా చాలలేదు. కంట్రోల్ ఇన్‌చార్జి మదామ్ నజ్లాని బతిమాలాను. కనికరానికి కూడా ఒక లెక్కుందమ్మా, అది దాటితే నేను జైలుకు పోతాను అంది. వాడు నీకేమవుతాడని అడిగింది. ఏమీ కాడు అన్నాను.

16 ఫిబ్రవరి, శనివారం

వాడు రీకౌంటింగ్‌కి పెట్టుకున్నాడు. మా దగ్గర రీకౌంటింగ్ అంటే జవాబులు మళ్ళీ చదవరు, మార్కులు కూడినది సరిగ్గా ఉందో లేదో చూస్తారు. ఆ కూడిక చెయ్యమని నా దగ్గరికే పంపారు. కూడాను. కూడిక సరిగ్గానే ఉంది.

20 ఫిబ్రవరి, బుధవారం

యాకూత్ వచ్చాడు. రెండో పుస్తకం తిరిగిచ్చాడు, అట్ట వేసి మరీ. సన్నది తనతో తీసుకెళ్తాడట, బ్యారక్‌లో సంచి బరువవ్వదు కదా అన్నాడు.

తిడతాడని ఎదురుచూశాను. తిడితే కాస్త తేలికపడేదాన్ని. కూర్చోలేదు. ఒక్కటే అడిగాడు, నేను రాసింది తప్పా డాక్టర్ అని.

కాదు అన్నాను.

 తప్పని చెప్తే బాగుండేది అన్నాడు. తప్పైతే మూడేళ్ళూ దిద్దుకోవడానికి ఏదో ఒకటి ఉండేది, ఇప్పుడేం దిద్దుకోవాలి అన్నాడు. దిద్దింది ఎవరని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు.

మా నాన్న పడవకి ఒక వాసం వంకరగా పడితే మొత్తం విప్పి మళ్ళీ కడతాడు, ఇక్కడ మాత్రం వంకర వాసానికే మిగతావన్నీ వంచారు అని నవ్వి వెళ్ళిపోయాడు.

12 మార్చి, బుధవారం

థీసిస్ సొరుగులోంచి బయటికొచ్చింది. సంతకంతో సహా. నేను అడగలేదు. మే నెలలో వైవా అట. శుభాకాంక్షలు తల్లీ, ఇప్పుడు నువ్వు మా మనిషివి అన్నాడు బహ్‌గత్.

మా మనిషి.

17 మే, శనివారం

డాక్టరేట్ వచ్చింది. అమ్మ వీధి వీధంతా షర్బత్ పంచింది. మేడ మీదినుంచి కిందిదాకా ఆడవాళ్ళు గొంతులెత్తి సంబరం చేశారు. ఇన్షిరాహ్ అంటే మనసు విప్పారడం, పేరుకు తగ్గ రోజు వచ్చిందమ్మా అని పక్కింటావిడ ముద్దు పెట్టుకుంది. గదిలోకి పోయి తలుపేసుకున్నాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు.

21 జూన్, శనివారం

నబీ డానియల్ వీధి. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. రజబ్ బాబాయి ఈసారి వేళాకోళం చెయ్యలేదు. మీ పిల్లవాడొచ్చాడు అన్నాడు. గుండు చేయించుకుని, ఎండకు నల్లబడి, సెలవు మీద వచ్చాడట. ఆ లావుపాటి పుస్తకం ఉందా అని అడిగాడట. ఉంది కానీ, మీ డాక్టర్ అది అప్పుడే వద్దందిగా అన్నాడట ఈయన.

దెబ్బ తగిలాక చదవమంది బాబాయీ, ఇక చదవొచ్చు అన్నాడట వాడు.

నిలబడే చాలాసేపు చదివాడట. కొనుక్కోలేదు. ఊరికే తీసుకుపో అంటే వద్దన్నాడట, అక్కడ తడిసిపోతుంది, మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు చదువుకుంటాను, ఎవరికీ అమ్మకు అని చెప్పి పోయాడట. బాబాయి దాన్ని అడుగున, గుట్ట కింద దాచిపెట్టాడు. నాకు చూపించాడు. నేను ముట్టుకోలేదు.

2 ఆగస్టు, శనివారం

పసుపు పుస్తకం కొత్త ఎడిషన్. ఈసారి నువ్వు చూసిపెట్టు, నా కళ్ళు పోయాయి అని ఫైలు ఇచ్చాడు బహ్‌గత్. మొట్టమొదట ఆ ప్రోగ్రాం తెరిచాను. సున్నా కొట్టేసి మొదటి అంకె పెట్టాను. వాడి మూడు ఫంక్షన్లూ, వాడు పెట్టిన పేర్లూ గుర్తున్నంతవరకు రాశాను. ఇంకేమీ చెయ్యలేకపోయినా ఇది చేస్తాననుకున్నాను. రోజంతా అదే పని. చాలా కాలానికి ఆకలేసింది.

9 ఆగస్టు, శనివారం

ఆ పేజీ వెనక్కి వచ్చింది. ఇప్పుడు దిద్దితే పోయిన పరీక్షలో తప్పినవాళ్ళు కోర్టుకెక్కరా, నీ సంతకం కూడా ఉంది కదా పేపర్ల మీద, నీ మంచికే చెప్తున్నాను తల్లీ అన్నాడు. సున్నా మళ్ళీ తన చోటుకు వచ్చి కూర్చుంది.

లోపలి అట్టమీద కొత్తగా ఒక లైను వేయించాడు. పరిష్కర్త, డాక్టర్ ఇన్షిరాహ్. అమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది.

5 అక్టోబర్, ఆదివారం

మొదటి క్లాసు. అయ్యాక ఒక అమ్మాయి ఆగిపోయింది. ఇది చదివినా ఏమీ అర్థం కావట్లేదు డాక్టర్, వేరే మంచి పుస్తకం ఏదైనా ఉందా అని అడిగింది.

లేదు, ఇదే చాలు అన్నాను.

చివరి పేజీ చింపి ఇచ్చింది. తీసుకున్నాను.